83 మ్యాచ్‌ల్లో 3,667 పాయింట్లు: పీట్ మారావిచ్ రికార్డు లోపల ఏముంది

2023 మార్చి 2 రాత్రి, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్. డెట్రాయిట్ మెర్సీ యూనివర్సిటీకి ఆడే ఆంట్వాన్ డేవిస్ ఆ రోజు 22 పాయింట్లు వేశాడు కానీ టీం ఓడిపోయింది, ఆ ఓటమితో వాళ్ళ సీజన్ కూడా అయిపోయింది, తర్వాత ఏ టోర్నమెంట్ నుంచీ పిలుపు రాలేదు. అతని కాలేజీ కెరీర్ లెక్క 3,664 పాయింట్ల దగ్గర ఆగిపోయింది. మగవాళ్ళ కాలేజీ బాస్కెట్‌బాల్‌లో టాప్ రికార్డు 3,667. మూడంటే మూడే తక్కువ.

మూడు పాయింట్లంటే ఒక్క త్రీ. గీత బయట నిలబడి వేసే ఒక్క షాట్. డేవిస్ తన కెరీర్ మొత్తంలో అలాంటివి 588 వేశాడు, అది కూడా రికార్డే. ఆ రాత్రి ఇంకొక్కటి పడుంటే లెక్క సమానం అయిపోయేది. అయితే అతను ఎవర్ని అందుకోవడానికి పరిగెత్తాడో ఆ మనిషి కాలేజీలో ఒక్క త్రీ కూడా వెయ్యలేదు, ఎందుకంటే అప్పటికి కోర్టు మీద ఆ గీతే లేదు.

ఆ మనిషి పేరు పీట్ మారావిచ్, పిస్టల్ పీట్ అనేవాళ్ళు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అందరూ ఎల్ఎస్‌యూ అంటారు, అక్కడ 1967 నుంచి 1970 దాకా మూడు సీజన్లు ఆడాడు. ఆరడుగుల ఐదంగుళాల సన్నటి మనిషి, నుదుటి మీద పడే జుట్టు, చీలమండల దగ్గరికి జారిపోయిన వదులు సాక్సులు, ఆ సాక్సుల వల్లే జనం అతన్ని దూరం నుంచి గుర్తుపట్టేవాళ్ళు.

రికార్డుల్ని మొత్తం ఎంత అని చూస్తాం, ఒక్కోసారికి సగటున ఎంత అని కూడా చూస్తాం. క్రికెట్ చూసేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, టెస్టుల్లో సచిన్‌వి 200 మ్యాచ్‌ల్లో 15,921 పరుగులు, బ్రాడ్‌మన్‌ది 52 మ్యాచ్‌ల్లో 99.94 సగటు. ఎక్కువకాలం ఆడినవాళ్ళ దగ్గర మొత్తం ఉంటుంది, సగటు ఇంకొకరి దగ్గర ఉంటుంది, మామూలుగా ఇలాగే జరుగుతుంది. మారావిచ్ విషయంలో అలా జరగలేదు. మగవాళ్ళ కాలేజీ ఆటలో మొత్తం కూడా అతనిదే, మ్యాచ్‌కి 44.2 అనే సగటు కూడా అతనిదే, రెండూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. డేవిస్ 3,664 వెయ్యడానికి 144 మ్యాచ్‌లు పట్టింది, కోవిడ్ వల్ల అందరికీ ఇచ్చిన అదనపు సంవత్సరంతో కలిపి ఐదు సీజన్లు. మారావిచ్ 3,667కి పట్టినవి 83 మ్యాచ్‌లు.

సీజన్ వారీగా చూస్తే ఇంకా వింతగా ఉంటుంది. మొదటి ఏడాది 26 మ్యాచ్‌ల్లో 1,138, రెండో ఏడాది 26 మ్యాచ్‌ల్లో 1,148, మూడో ఏడాది 31 మ్యాచ్‌ల్లో 1,381. సగటులు 43.8, 44.2, 44.5. గట్టి ప్లేయర్‌కి కూడా ఒక ఏడాది బాగుంటుంది, ఒక ఏడాది మోకాలు నొప్పి పెడుతుంది, ఒక ఏడాది ఎదుటి టీములు మందు కనిపెడతాయి. ఇక్కడ ఆ ఎత్తుపల్లాలేవీ లేవు. మొదటి మ్యాచ్‌లోనే, 1967 డిసెంబర్‌లో టాంపా మీద, 48 వేశాడు. మూడేళ్ళ తర్వాత కూడా దాదాపు అదే రేటు.

ఇందులో ఒక ఏడాది పూర్తిగా లెక్కలోకే రాలేదు. అప్పట్లో కాలేజీలో చేరిన మొదటి సంవత్సరం పిల్లలు మెయిన్ టీంకి ఆడకూడదు, వాళ్ళకి విడిగా ఫ్రెష్‌మన్ టీం ఉండేది. ఈ రూలు 1972లో పోయింది. మారావిచ్ ఆ ఫ్రెష్‌మన్ టీంకి 17 మ్యాచ్‌ల్లో 741 పాయింట్లు వేశాడు, ముందు జరిగే పిల్లల మ్యాచ్ చూసి, అసలు మ్యాచ్ మొదలయ్యే వేళకి జనం లేచి ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళట. ఆ 741 కూడా కలిపితే సరిగ్గా 100 మ్యాచ్‌లు, 4,408 పాయింట్లు. కాకపోతే ఆ పిల్లల మ్యాచ్‌ల్లో ఎదుటివాళ్ళు కూడా పిల్లలే కాబట్టి దాన్ని అలాగే కలిపెయ్యడం న్యాయం కాదు. అయినా మిగతావాళ్ళకి నాలుగు, ఐదు సంవత్సరాలు ఇచ్చి ఇతనికి మూడే ఇచ్చారన్న మాట మాత్రం నిజం.

మూడు పాయింట్ల గీత కాలేజీ మగవాళ్ళ ఆటలోకి 1986-87 సీజన్‌లో వచ్చింది. ఎల్ఎస్‌యూకి తర్వాత కోచ్‌గా వచ్చిన డేల్ బ్రౌన్ పాత షాట్ చార్టులన్నీ ముందేసుకుని లెక్క కట్టి, ఆ గీత ఉండుంటే మారావిచ్ సగటు 57 అయ్యేదని చెప్పాడు. ఈ 57 అనే అంకె ఇంటర్నెట్‌లో అతని పేరు వచ్చిన ప్రతిచోటా తిరుగుతుంది. దాని మీద ఎక్కువ బరువు పెట్టకపోవడమే మంచిది. గీత ఉంటే డిఫెండర్లు కూడా ఇంకాస్త బయటికొచ్చి కాసేవాళ్ళు, కోచ్‌లు వేరేలా ప్లాన్ చేసేవాళ్ళు, ఆటే వేరేగా ఉండేది. జరిగినదాని దగ్గరే బోలెడంత ఉంది, ఊహతో పన్లేదు.

జరిగినదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైన అంకె వేరే ఉంది, దాన్ని పొగిడేవాళ్ళూ పెద్దగా ఎత్తరు, తిట్టేవాళ్ళు మాత్రమే ఎత్తుతారు. మూడేళ్ళలో అతను వేసిన షాట్లు 3,166. అందులో లోపలికి పడ్డవి 1,387. ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డం లేకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు, 1,152 వేస్తే 893 పడ్డాయి. 1,387ని రెండుతో హెచ్చించి 893 కలిపితే 3,667. ఇప్పుడు ఆ 3,166ని 83తో భాగించండి. మ్యాచ్‌కి 38 షాట్లు. ఈ రోజుల్లో ఒక కాలేజీ టీం మొత్తం, పదిమంది కలిసి, ఒక మ్యాచ్‌లో వేసే షాట్లు 60కి అటూ ఇటూగా ఉంటాయి. అలాంటిది ఒక్కడు 38 వేశాడు, అందులో సగం కూడా పడలేదు, 43.8 శాతం పడ్డాయి.

రికార్డు పుట్టింది ఈ 38లో. గొప్ప షూటర్లు చాలామంది ఉంటారు కానీ మ్యాచ్‌కి 38 సార్లు షాట్ వెయ్యడానికి ఏ కోచ్ ఒప్పుకుంటాడు? ఒక పది వరసగా తప్పితే ఏ కోచ్ అయినా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెడతాడు. ఇతన్ని కూర్చోబెట్టలేదు, ఎందుకంటే ఆ కోచ్ కన్నతండ్రి.

ప్రెస్ మారావిచ్ అని, ఆయన కథ తెలియకుండా కొడుకు అంకెలు అర్థం కావు. పెన్సిల్వేనియాలో అలిక్విపా అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరు, సెర్బియా నుంచి వలస వచ్చిన కుటుంబం, చిన్నప్పుడు పిట్స్‌బర్గ్ ప్రెస్ పేపర్లు అమ్మాడు కాబట్టి ప్రెస్ అనే పేరు అలా అతుక్కుపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ పైలట్, తిరిగొచ్చాక కొన్నాళ్ళు ప్రొఫెషనల్‌గా బాస్కెట్‌బాల్ ఆడాడు, అప్పటికి ఆ ఆటలో డబ్బూ లేదు పేరూ లేదు, తర్వాత కోచ్ అయ్యాడు. తను ఆడలేకపోయిన ఆట కొడుకు చేత ఆడించాలనుకున్నాడు. 1947 జూన్ 22న పీట్ పుట్టాడు, నడక బాగా వచ్చేసరికి చేతిలో బంతి ఉంది.

మన దగ్గర ఇలాంటి ఇళ్ళు ప్రతి వీధిలో తెలుసు. తండ్రి ఏదో కాలేకపోయాడు, పిల్లాడికి ఆరేళ్ళు వచ్చేసరికి ఇల్లే కోచింగ్ సెంటర్ అయిపోతుంది. అక్కడ ఎంత ప్రేమ, ఎంత భారం అనేది లోపల ఉన్నవాళ్ళకే తెలుస్తుంది, ఒక్కోసారి వాళ్ళకి కూడా తెలియదు.

ప్రెస్ తయారుచేసిన ఎక్సర్‌సైజులకి ఆ ఇంట్లో హోంవర్క్ అని పేరు. వాటిలో ఒకదాని పేరు రికోషే. బంతిని రెండు చేతులతో నడుము ఎత్తున పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు కాళ్ళ సందులోంచి వెనక్కి వెళ్ళేలా నేలకేసి కొట్టాలి, అది వెనక లేచేలోపు రెండు చేతులూ నడుము పక్కనుంచి వెనక్కి తీసుకెళ్ళి వీపు వెనక పట్టుకోవాలి. మెల్లగా కొడితే ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. తర్వాత ఇంకొంచెం గట్టిగా. తర్వాత బంతిని తల మీదికెత్తి అక్కణ్ణుంచి ఉన్న బలమంతా పెట్టి కొట్టాలి, దానికి బుల్లెట్ అని పేరు, అప్పుడు బంతి నేలని తాకి వెనక్కి లేవడానికి కనురెప్పపాటు కూడా పట్టదు, చేతులు అప్పటికే వెనక ఉండాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే అది ఎక్కడ తగులుతుందో ఊహించుకోవచ్చు. పీట్ రిటైర్ అయ్యాక పిల్లల కోసం చేసిన ట్రైనింగ్ వీడియోల్లో ఇవన్నీ చేసి చూపించాడు. ఆ వీడియో చూస్తే చేతులు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి ఆపి ఆపి చూడాల్సి వస్తుంది.

ఇది కాక కళ్ళకి గంతలు కట్టుకుని డ్రిబుల్ చెయ్యడం, అంటే బంతిని ఒక చేత్తో నేలకి కొడుతూ ఉండటం. సైకిల్ తొక్కుతూ డ్రిబుల్ చెయ్యడం. సినిమాకి వెళ్తే నడవ పక్క సీట్లో కూర్చుని ఆ నడవలో బంతి కొడుతూ ఉండటం. నాన్న కారు నడుపుతుంటే వెనక సీట్లోంచి కిటికీ బయటికి వంగి రోడ్డు మీద డ్రిబుల్ చెయ్యడం, ప్రెస్ ఒకసారి స్పీడు పెంచి ఒకసారి తగ్గించేవాడు, బంతి చెయ్యి దాటిపోకూడదు. వేలి మీద గంటసేపు బంతి తిప్పలేవని ఎవరో 5 డాలర్ల పందెం కడితే, ఒక వేలి చర్మం లేచిపోగానే ఇంకో వేలికి మారుస్తూ గంట పూర్తి చేశాడని ఒక కథ ఉంది. అంటే ఇది ఉగ్గుపాలతో వచ్చిన విద్య అనుకోవడానికి లేదు, పూటపూటా కూర్చోబెట్టి చేయించిన పని.

1966లో ప్రెస్‌కి ఎల్ఎస్‌యూ ఉద్యోగం వచ్చింది. అంతకుముందు నార్త్ కరోలినా స్టేట్‌లో ఉన్నాడు, 1965లో అక్కడ తన టీంకి లీగ్ టోర్నమెంట్ గెలిపించాడు కూడా, కాబట్టి టీం ఎలా ఆడాలో తెలియని మనిషి కాదు. పీట్‌కి వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీకి వెళ్ళాలని ఉండేది. వెళ్ళలేదు, నాన్నతో పాటు లూసియానా వచ్చాడు. ఎల్ఎస్‌యూ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న చోటు, అమెరికన్ ఫుట్‌బాల్, అక్కడ బాస్కెట్‌బాల్ చలికాలంలో కాలక్షేపం. మ్యాచ్‌లు జరిగే హాలు నిజానికి పశువుల ప్రదర్శనల కోసం కట్టింది, జనం దాన్ని కౌ ప్యాలెస్ అనేవాళ్ళు. పీట్ ఫ్రెష్‌మన్‌గా ఉన్న ఏడాది మెయిన్ టీం 3 గెలిచి 23 ఓడింది. మరుసటి ఏడాది పీట్ దిగాడు, 14 గెలిచి 12 ఓడారు. ఆ తర్వాత 13-13. చివరి ఏడాది 22-10. జనం తోసుకుంటూ వచ్చేవాళ్ళు, పెద్ద హాలు కట్టాల్సొచ్చింది, అది తయారయ్యేసరికి అతను వెళ్ళిపోయాడు, అతను పోయాక దానికి అతని పేరే పెట్టారు.

ఒక తండ్రి కొడుకుని స్టార్ చెయ్యడం కోసం టీంని వాడుకున్నాడా? ఈ ప్రశ్న అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. 13-13 అనే అంకె చూస్తే అవునేమో అనిపిస్తుంది. మిగతా ఆటగాళ్ళ పని బంతి తెచ్చి అతనికి ఇవ్వడం, అతను తప్పితే రింగు తగిలి వెనక్కొచ్చే బంతి, అదే రీబౌండ్, పట్టడం. కానీ అవతలి వైపు కూడా చూడాలి కదా, 3-23 టీంలో ఇంకెవరికి బంతి ఇస్తే గెలుస్తారు, పీట్ ఒక్కడి మీదికి ఇద్దరు ముగ్గురు డిఫెండర్లు వచ్చినప్పుడు అతను ఇచ్చే పాసులు, వీపు వెనకనుంచి, మెడ పక్కనుంచి, ఎటో చూస్తూ ఇంకెటో, అవి అందుకుని తేలిగ్గా పాయింట్లు వేసుకున్నవాళ్ళు కూడా ఆ టీంలోనే ఉన్నారు. నిజం చెప్పాలంటే ఎల్ఎస్‌యూ అతని వల్ల బాగుపడింది, గొప్ప టీం మాత్రం అవ్వలేదు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టెయ్యవు.

దీనికి రెండు మ్యాచ్‌లు చాలు సాక్ష్యం. 1970 ఫిబ్రవరి 7న అలబామా మీద అతను 69 వేశాడు, 57 షాట్లలో 26, ఫ్రీ త్రోలు 21లో 17. కాలేజీలో అదే అతని అత్యధికం. ఎల్ఎస్‌యూ 104, అలబామా 106. రెండు వారాల తర్వాత కెంటకీ మీద 64 వేశాడు, అవతల కెంటకీ సెంటర్ డ్యాన్ ఇసెల్ 51, కెంటకీ 121-105తో గెలిచింది. మూడేళ్ళలో కెంటకీని ఒక్కసారి కూడా ఓడించలేకపోయారు. ఆ రోజుల్లో ఒక లీగ్ నుంచి చాంపియన్ ఒక్కటే పెద్ద టోర్నమెంట్‌కి, అంటే కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టే టోర్నమెంట్‌కి వెళ్ళేది, ఇతని లీగ్‌లో ఆ చోటు ఎక్కువగా కెంటకీకే. అందుకని కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అత్యధిక పాయింట్లు వేసిన మగ ఆటగాడు ఆ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. చివరి ఏడాది రెండో శ్రేణి టోర్నమెంట్ ఎన్ఐటీకి న్యూయార్క్ వెళ్ళారు, సెమీస్ దాకా వెళ్ళి మార్కెట్ యూనివర్సిటీ చేతిలో 101-79తో చిత్తుగా ఓడారు, అందులో అతను 20 వేశాడు. మూడో స్థానం మ్యాచ్ అతను ఆడలేదు. అలా ముగిసింది.

అతన్ని ఆపగలిగిన టీం ఒకటుంది, టెనెసీ. మగవాళ్ళ కాలేజీ ఆటలో అప్పటికి షాట్ క్లాక్ లేదు, బంతి చేతిలో పెట్టుకుని ఎంతసేపైనా పాసులు ఇచ్చుకోవచ్చు. టెనెసీ మెల్లగా ఆడేది, బంతి పీట్ చేతికి తక్కువసార్లు వెళ్ళేలా చూసేది. అతని కాలేజీ కెరీర్‌లో అతి తక్కువ స్కోరు, 17, వాళ్ళ మీదే. షాట్ క్లాక్ లేని కాలంలో 44 సగటు అంటే ఏంటో ఈ ఒక్క టీం చూపిస్తుంది, మిగతా అందరూ అలా ఆడుంటే ఈ రికార్డు ఉండేది కాదు.

ఇంకో విషయం దాటెయ్యకూడదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల కాలేజీలు అప్పటికి నల్లజాతి ఆటగాళ్ళని తీసుకోవడం ఇంకా మొదలుపెడుతున్న రోజులవి. మారావిచ్ లీగ్‌లో మొదటి నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడు వాండర్‌బిల్ట్‌కి ఆడిన పెర్రీ వాలెస్, అతను మెయిన్ టీంలోకి వచ్చింది కూడా సరిగ్గా అదే 1967 డిసెంబర్‌లో. ఊరూరా బూతులు, బెదిరింపులు పడుతూ ఆడాడు. ఎల్ఎస్‌యూకి మొదటి నల్లజాతి ఆటగాడు, కాలిస్ టెంపుల్, 1971లో గానీ రాలేదు. అంటే పీట్ ఆడిన మూడేళ్ళూ అతని టీంలో అందరూ తెల్లవాళ్ళే, ఎదుటి టీముల్లో కూడా దాదాపు అంతే. దేశంలో గొప్ప డిఫెండర్లు చాలామంది ఆ కోర్టుల్లోకే రాలేని పరిస్థితి. రికార్డు పక్కన ఈ మాట రాసి ఉండాలి. అది పీట్ చేసిన తప్పు కాదు, కానీ అంకెని తూచేటప్పుడు తక్కెడలో వెయ్యాల్సిన రాయే. ఆ లీగ్ బయట ఏం జరిగిందంటే, 1969 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్ వెళ్ళి యూసీఎల్ఏతో ఆడితే 133-84తో ఓడారు, పీట్ 38 వేశాడు. అంతకు ఒక్క రోజు ముందు ఓరెగాన్ స్టేట్ మీద 31 ఫ్రీ త్రోలు వేసి 30 లోపలికి పంపాడు. తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో, అన్ని రంగులవాళ్ళూ ఆడేచోట, 1976-77లో 31.1 సగటుతో లీగ్ మొత్తానికి టాప్ స్కోరర్ అయ్యాడు, ఒకే మ్యాచ్‌లో న్యూయార్క్ నిక్స్ మీద 68 వేశాడు. కాబట్టి ఆ లీగ్ బలహీనం కాబట్టే వేశాడు అనే వాదన నిలబడదు, 44 కాకుండా ఇంకొంచెం తక్కువ అయ్యుండేది అంటే మాత్రం ఒప్పుకోవచ్చు.

రికార్డు బద్దలైన రాత్రి 1970 జనవరి 31. అప్పటిదాకా టాప్‌లో ఉన్నది సిన్సినాటికి ఆడిన ఆస్కార్ రాబర్ట్‌సన్, 88 మ్యాచ్‌ల్లో 2,973, సగటు 33.8. ఆయన మామూలు మనిషి కాదు, ఆ ఆట ఎరిగినవాళ్ళు ఇప్పటికీ మొదటి పదిమందిలో పెడతారు. మిసిసిపీ టీం మీద పీట్ 53 వేసి ఆ గీత దాటాడు, సీజన్ ఇంకా సగం మిగిలుంది. ఆ మిగిలినదాంట్లో ఇంకో 600 పైన వేశాడు.

ఎన్‌బీఏ కథ వేరే, ఇక్కడ క్లుప్తంగా చాలు. 1970 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ టీములు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే చోట, మూడోవాడిగా అట్లాంటా తీసుకుంది, దాదాపు 19 లక్షల డాలర్ల కాంట్రాక్ట్, ఆ రోజుల్లో అది వినని డబ్బు, సీనియర్లకి కడుపు మండింది. తర్వాత న్యూ ఆర్లీన్స్ జాజ్. 1978లో మోకాలు పోయింది. 1980లో ఆపేశాడు, 658 మ్యాచ్‌లు, సగటు 24.2, చాంపియన్‌షిప్ లేదు. ఎన్‌బీఏలోకి మూడు పాయింట్ల గీత వచ్చింది అతని చివరి సీజన్‌లో, కుంటుకుంటూ 15 వేస్తే 10 పడ్డాయి.

మధ్యలో 1974లో తల్లి ఆత్మహత్య చేసుకుంది. ఆట మానేశాక కొన్నాళ్ళు ఇంట్లోంచి బయటికే రాలేదు, తాగుడు, ఆ తర్వాత యోగా, శాకాహారం, హిందూ తత్వం, చివరికి 1982లో క్రైస్తవంలో కుదుటపడ్డాడు. 1987 ఏప్రిల్‌లో తండ్రి ప్రెస్ క్యాన్సర్‌తో పోయాడు, చివరి రోజుల్లో చూసుకున్నది కొడుకే. నెల తిరక్కుండా పీట్‌ని బాస్కెట్‌బాల్ గొప్పవాళ్ళ జాబితా, హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

1988 జనవరి 5 పొద్దున, కాలిఫోర్నియాలో పాసడీనాలో ఒక చర్చి జిమ్‌లో స్నేహితులతో సరదాగా ఆడుతూ, ఆట మధ్యలో విరామంలో నిలబడి మాట్లాడుతూ ఉన్నవాడు అలాగే కూలిపోయాడు. వయసు 40. పోస్ట్‌మార్టంలో తేలిందేంటంటే గుండెకి రక్తం ఇచ్చే ఎడమ కరోనరీ ధమని అతనికి పుట్టుకతోనే లేదు. అందరికీ రెండు ఉంటాయి, అతనికి కుడిది ఒక్కటే, అది రెండింటి పనీ చేసి చేసి పెద్దదైపోయింది. అలాంటి గుండెతో పుట్టినవాళ్ళు చిన్నవయసులోనే, పరిగెత్తే ఆటల్లో, కుప్పకూలడం మామూలుగా జరిగేది. ఇతను రోజూ గంటలకొద్దీ హోంవర్క్ చేశాడు, 83 కాలేజీ మ్యాచ్‌లు దాదాపు బెంచీ ఎక్కకుండా ఆడాడు, పదేళ్ళు ఎన్‌బీఏ ఆడాడు. ఈ రికార్డు గురించి ఎన్ని లెక్కలు కట్టినా ఈ ఒక్కటి ఏ లెక్కలోకీ రాదు.

ఇప్పుడు మళ్ళీ డేవిస్ దగ్గరికి వస్తే, అతనికి కూడా కోచ్ తండ్రే, మైక్ డేవిస్. అది గమనించకుండా ఉండలేం. 53 ఏళ్ళ తర్వాత ఆ రికార్డుకి మూడు పాయింట్ల దగ్గరకి వచ్చినవాడు కూడా నాన్న చేతికింద, చిన్న టీంలో, షాట్లు వేసుకునే స్వేచ్ఛతో ఐదేళ్ళు ఆడినవాడే. అంటే అలాంటి ఏర్పాటు లేకుండా ఆ అంకె దగ్గరికి వెళ్ళడం మగవాళ్ళ ఆటలో ఇక కష్టమే, బాగా ఆడేవాళ్ళు ఒకటి రెండేళ్ళకే కాలేజీ వదిలి ఎన్‌బీఏకి వెళ్ళిపోతున్నారు. డేవిస్ పాయింట్లలో 1,764 త్రీల నుంచే, దాదాపు సగం.

దాటింది ఆడపిల్ల. ఐయోవా యూనివర్సిటీకి ఆడిన కెయిట్లిన్ క్లార్క్, నాలుగేళ్ళలో 139 మ్యాచ్‌ల్లో 3,951, సగటు 28.4, త్రీలు 548. ఆమెకి తండ్రి కోచ్ కాదు, టీం కూడా బలమైనదే, వరసగా రెండేళ్ళు జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్ళింది, పీట్‌కి కలలో కూడా దక్కనిది అది. ఆమె పీట్‌ని దాటినప్పుడు మ్యాచ్‌లు ఎక్కువ, త్రీలు ఉన్నాయి, ఆడవాళ్ళ ఆట వేరు అని చాలామంది గొడవ చేశారు. మ్యాచ్‌ల సంగతి నిజమే, ఆమెకి అక్కడికి చేరడానికి 130 పట్టాయి. కానీ ఉన్న రూల్స్‌లో ఉన్నన్ని మ్యాచ్‌లు ఆడి వేసిన పాయింట్లు అవి, మొత్తం అంటే మొత్తమే. సగటు దగ్గర 44.2 అలాగే ఉంది, దాని దగ్గరికి ఎవరూ పోలేదు. దేని గౌరవం దానికి ఇస్తే గొడవే లేదు.

ఆడవాళ్ళ లెక్క తీస్తే ఇంకో విషయం బయటపడుతుంది. 3,667 అనే గీతని క్లార్క్ కంటే నాలుగున్నర దశాబ్దాల ముందే ఒకామె దాటేసింది. పెర్ల్ మూర్, సౌత్ కరోలినాలో ఫ్రాన్సిస్ మేరియన్ అనే చిన్న కాలేజీ, 1979కే మొత్తం 4,061. కాన్సాస్‌కి ఆడిన లినెట్ వుడార్డ్ 1981లో 3,649 దగ్గర ఆపింది, పీట్‌కి 18 తక్కువ, త్రీలు లేకుండా, మగవాళ్ళ సైజు బంతితో. అప్పట్లో ఆడవాళ్ళ ఆటని ఎన్‌సీఏఏ పట్టించుకోలేదు, ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంస్థ నడిపింది, అందుకని ఆ పాయింట్లు ఎన్‌సీఏఏ పుస్తకంలో ఎక్కలేదు. పీట్ రికార్డు 54 ఏళ్ళు ఎవరూ దాటలేదు అని ఎక్కడ చదివినా అందులో మూర్ పేరు చెరిపేసిన ఒక ఖాళీ ఉంటుంది. క్లార్క్ ఫిబ్రవరి చివర్లో వుడార్డ్ అంకె దాటినప్పుడు ఆమె కోచ్ లీసా బ్లూడర్ ఈ మాటే గట్టిగా ఎత్తింది, అది మంచి పని.

2024 మార్చి 3, ఐయోవా సిటీ, ఒహాయో స్టేట్‌తో మ్యాచ్. వుడార్డ్ ఆ రోజు హాల్లోనే ఉంది. క్లార్క్‌కి పీట్‌ని దాటడానికి 18 కావాలి. మొదటి సగం అయిపోవడానికి క్షణం కూడా లేదు, అప్పటికి 16 వేసింది, అవతలి టీం మీద టెక్నికల్ ఫౌల్ పడింది, దానికి రెండు ఫ్రీ త్రోలు. మధ్య గీత దగ్గర్నుంచి వేసే పొడుగు త్రీలకి పేరున్న అమ్మాయి ఫ్రీ త్రో గీత దగ్గరికి నడిచింది. త్రీ కాదు, ఎదురుగా డిఫెండర్ లేడు, గడియారం ఆగి ఉంది. ఆ గీత రింగుకి 15 అడుగులు, పీట్ ఓరెగాన్ స్టేట్ మీద 31లో 30 వేసిన రోజు ఎంత దూరమో అంతే దూరం, పడితే అప్పుడూ ఒకటే పాయింటు ఇప్పుడూ ఒకటే పాయింటు. మొదటిది పడింది, 3,667. రెండోది కూడా పడింది.